ఈ క్షణాన ఈ మెమరీ ఎవరిది? ఈథర్‌నెట్ డ్రైవర్ కోడ్‌ను రివ్యూ చేయడం గురించి

ఈథర్‌నెట్ డ్రైవర్ (నెట్‌వర్క్ హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) ప్యాచ్, అంటే ఆ కోడ్‌లో చేసిన మార్పు, రివ్యూకు వచ్చినప్పుడు దానితో పాటు దాదాపు ఎప్పుడూ ఒక మాట వస్తుంది: "బోర్డు మీద చూశాను, పింగ్ వెళ్తోంది." రాసినవారు అబద్ధం చెప్పడం లేదు, పింగ్ నిజంగానే వెళ్తుంది. కానీ ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఒకసారి లెక్క వేసి చూడాలి. మామూలు పింగ్, అంటే అవతలి యంత్రం బదులిస్తుందో లేదో చూసే పరీక్ష, సెకనుకు ఒక్క ప్యాకెట్ పంపుతుంది. అందులోని 56 బైట్ల డేటాకు ఐసీఎంపీ, ఐపీ, ఈథర్‌నెట్ హెడర్లన్నీ కలిపినా 98 బైట్ల ఫ్రేమే (తీగ మీద ప్యాకెట్ వెళ్లే రూపం) అవుతుంది. అదే 100 మెగాబిట్ల లింకు మీద కనిష్ఠ పరిమాణంలో ఉన్న ఫ్రేములు తెరిపి లేకుండా వస్తే ఒక్కోదానికి పట్టేది 6.72 మైక్రోసెకన్లు, అంటే సెకనుకు సుమారు 1,48,800 ఫ్రేములు. పింగ్ పరీక్షలో డిస్క్రిప్టర్ రింగ్ (ఏ ఫ్రేమ్ మెమరీలో ఎక్కడుందో చెప్పే చిన్న నమోదుల గుండ్రటి వరుస) ఒక్కసారి కూడా నిండదు. పంపడం పూర్తయిందన్న ఇంటరప్టూ (ప్రాసెసర్‌కు హార్డ్‌వేర్ ఇచ్చే పిలుపు), కొత్త ఫ్రేమ్ వచ్చిందన్న ఇంటరప్టూ ఒకదానిమీద ఒకటి పడటం అరుదు. బల్ల మీది కేబుల్ బాగుంటుంది కాబట్టి సీఆర్‌సీ (ఫ్రేమ్ చెడిందో లేదో చెప్పే తనిఖీ అంకె) తప్పిన ఫ్రేమ్ రాదు. మెమరీ ఖాళీగా ఉంటుంది కాబట్టి బఫర్ (ఫ్రేమ్‌ను ఉంచే మెమరీ ముక్క) దొరకకపోవడమూ ఉండదు. నేను చూసినంతలో ఈ డ్రైవర్లలో తీవ్రమైన బగ్గులు దాక్కునేది సరిగ్గా ఈ నాలుగు చోట్లే. పరీక్ష అవసరం లేదని అనడం లేదు. పరీక్ష చేరని చోటికి వెళ్లి చూడటం రివ్యూ చేసేవారి పని అనీ, అందుకు కోడ్‌ను మామూలుగా చదివే అలవాటును కొంత పక్కన పెట్టాలనీ నా వాదన.

సాధారణ సీ ప్రోగ్రామ్‌లో ఒక వేరియబుల్ విలువ మారిందంటే, దాన్ని మార్చిన లైన్ సోర్సులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఈథర్‌నెట్ డ్రైవర్‌లో ఆ భరోసా లేదు. మ్యాక్‌లోని (ఫ్రేములను పంపి, అందుకునే హార్డ్‌వేర్‌లోని) డీఎంఏ ఇంజిన్ అదే మెమరీని ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా చదువుతుంది, రాస్తుంది, ఆ పని చేసే లైన్ ఏ ఫైలులోనూ కనిపించదు. అందుకే డ్రైవర్ రివ్యూలో ప్రతి లైన్ దగ్గరా నేను అడిగేది ఒకే ప్రశ్న: ఈ క్షణాన ఈ మెమరీ ఎవరిది? డిస్క్రిప్టర్‌ను ప్రాసెసర్ డీఎంఏకు అప్పగించే లైన్ ఏది, తిరిగి తీసుకునే లైన్ ఏది అని రాసినవారిని అడిగితే, వెంటనే వేలు పెట్టి చూపగలిగారంటే సగం రివ్యూ అయినట్లే. "ఈ ఫంక్షన్ మొత్తంలో జరుగుతుంది" అన్న జవాబు వచ్చిందంటే మాత్రం ఆ ఫంక్షన్‌ను మళ్లీ మొదటినుంచి చదవాలి.

పంపే వైపు ఫంక్షన్‌నే తీసుకుందాం. డిస్క్రిప్టర్‌లో బఫర్ చిరునామా రాస్తాం, పొడవు రాస్తాం, ఓన్ బిట్ (ఈ డిస్క్రిప్టర్ ఇప్పుడు డీఎంఏదని చెప్పే గుర్తు) పెడతాం, చివరికి మ్యాక్‌లోని ఒక రిజిస్టర్‌లో రాసి డీఎంఏను నిద్ర లేపుతాం. సోర్సులో ఈ వరుస సరిగ్గానే ఉంటుంది. కానీ ఈ వరుసను అటు కంపైలర్ మార్చవచ్చు, ఇటు ప్రాసెసర్ కూడా మార్చవచ్చు. ఓన్ బిట్ ముందుగా మెమరీకి చేరి, పొడవు ఆ తర్వాత చేరితే, మధ్యలో చూసిన డీఎంఏ పాత పొడవుతో ఫ్రేమ్‌ను పంపేస్తుంది. సామాను సర్దకముందే ఇంటి తాళంచెవి అద్దెకు వచ్చినవారి చేతిలో పెట్టినట్లు. కాబట్టి ఓన్ బిట్‌కు ముందు ఒక మెమరీ బారియర్ (రాతల వరుస మారకుండా ఆపే ఆదేశం), రిజిస్టర్‌లో రాయడానికి ముందు దానికి తగిన మరో బారియర్ ఉన్నాయా అని చూడాలి. లైనక్స్‌లో మొదటిదానికి డీఎంఏ డబ్ల్యూఎంబీ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ లేని ఆర్మ్ కోడ్‌లో డీఎంబీ, డీఎస్‌బీ ఆదేశాలు కనిపించాలి.

ఇక్కడ తరచుగా వచ్చే జవాబు, "వోలటైల్ అని పెట్టాను కదా." వోలటైల్ అన్న సీ భాషా పదం, అలా ప్రకటించిన యాక్సెస్‌ల మధ్య వరుసను కంపైలర్ తారుమారు చేయకుండా మాత్రమే ఆపుతుంది. బఫర్‌లోకి చేసిన మామూలు రాతలను ఆ వరుసకు ఇటు నుంచి అటు జరపడానికి కంపైలర్‌కు స్వేచ్ఛ ఉంటుంది, ప్రాసెసర్‌కైతే వోలటైల్ అనే మాటే తెలియదు. ప్యాకెట్ మూడు ముక్కలుగా మూడు డిస్క్రిప్టర్లలో ఉన్నప్పుడు ఇంకో మెలిక ఉంది: మొదటి డిస్క్రిప్టర్ ఓన్ బిట్‌ను అన్నిటికంటే చివర పెట్టాలి. డీఎంఏ మొదలుపెట్టేది అక్కడినుంచే కనుక, దాన్ని ముందే అప్పగిస్తే రెండోది సిద్ధం కాకముందే ఇంజిన్ అక్కడికి చేరుకోవచ్చు. లూప్ రాసేవారు సహజంగా సున్నా నుంచి పైకి లెక్కిస్తూ వస్తారు కాబట్టి ఈ పొరపాటు చూడటానికి ఎంతో శుభ్రమైన కోడ్‌లా ఉంటుంది.

కాష్ (మెమరీ విలువల ప్రతులను ప్రాసెసర్ దగ్గరే ఉంచే చిన్న నిల్వ) ఉన్న చిన్న ప్రాసెసర్లలో ఇదే ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. కార్టెక్స్-ఎం7లో డేటా కాష్ లైన్, అంటే ఒకేసారి కదిలే ముక్క, 32 బైట్లు. డిస్క్రిప్టర్ 16 బైట్లదే అయితే ఒక లైన్‌లో రెండు డిస్క్రిప్టర్లు ఇముడుతాయి. సున్నా, ఒకటి అనే రెండు డిస్క్రిప్టర్లు అలా ఒకే లైన్‌లో ఉన్నాయనుకుందాం. డ్రైవర్ సున్నాలోని ఫ్రేమ్‌ను తీసుకుని, దాని ఓన్ బిట్‌ను తిరిగి పెట్టి, లైన్‌ను మెమరీకి తోస్తుంది. ఈలోగా డీఎంఏ ఒకటో డిస్క్రిప్టర్‌లో ఫ్రేమ్ పొడవు రాసి, ఓన్ బిట్ తీసేసింది, కానీ ఆ మార్పు జరిగింది మెమరీలో. కాష్‌లో ఒకటో డిస్క్రిప్టర్ పాత ప్రతి, ఓన్ బిట్‌తో సహా, అలాగే ఉంది. లైన్ మొత్తం మెమరీకి వెళ్లేసరికి డీఎంఏ రాసినది చెరిగిపోయి, వచ్చిన ఫ్రేమ్ రానట్లయిపోతుంది. డ్రైవర్ ఒకటో డిస్క్రిప్టర్ దగ్గర కాపు కాస్తూ కూర్చుంటుంది. డీఎంఏ రెండు, మూడు అంటూ ముందుకు పోతుంది. రింగ్ తిరిగి ఒకటి దగ్గరికి వచ్చాకే డ్రైవర్ కదులుతుంది. బయటివారికి కనిపించేది ప్యాకెట్లు ఆలస్యంగా, వరుస తప్పి రావడం. ఆ లక్షణాన్ని చూసి టీసీపీ స్టాక్‌ను తవ్వేవారే ఎక్కువ. ఆ స్టాక్‌లో ఏ తప్పూ ఉండదు.

దీన్ని ఏ పరీక్షతోనైనా కావాలన్నప్పుడు రప్పించడం కష్టం, ఎందుకంటే డీఎంఏ రాత సరిగ్గా ఆ కొద్ది సమయంలోనే పడాలి. రివ్యూలో మాత్రం ఒక్క చూపుతో తెలిసిపోతుంది: డిస్క్రిప్టర్ల ఆరే ఎక్కడ ఉంది, ఆ ప్రాంతం ఎంపీయూలో (మెమరీ ప్రాంతాల లక్షణాలను నిర్ణయించే హార్డ్‌వేర్‌లో) కాష్ లేనిదిగా నమోదయిందా, కాకపోతే ఒక్కో డిస్క్రిప్టర్‌ను 32 బైట్ల ఎడంతో పేర్చారా. అందుకే లింకర్ స్క్రిప్టు (ఏది మెమరీలో ఎక్కడ ఉండాలో చెప్పే ఫైలు), ఎంపీయూ సెట్టింగులు ప్యాచ్‌లో మారకపోయినా సరే, డ్రైవర్ ప్యాచ్‌తో పాటు వాటినీ తెరిచి చూడాలని నేను పట్టుబడతాను. బఫర్ల విషయంలోనూ అంతే. ఫ్రేమ్ గరిష్ఠ పరిమాణం 1518 బైట్లు కదా అని బఫర్‌ను సరిగ్గా 1518కే ప్రకటిస్తే, చివరి కాష్ లైన్‌లో పక్క వేరియబుల్ ఏదో కాపురం ఉంటుంది. బఫర్‌ను ఇన్వాలిడేట్ చేసిన (కాష్‌లోని దాని ప్రతిని చెల్లదని పారేసిన) ప్రతిసారీ దాని విలువ ఎగిరిపోయే ప్రమాదం ఉంటుంది. 1536 అయితే సరిగ్గా 48 లైన్లు. మంచి డ్రైవర్లలో 1536 అనే అంకె కనిపించడానికి ఒక కారణం ఇదే; దాని పక్కన ఒక వ్యాఖ్య కూడా రాసి ఉంటే తర్వాతివారు "18 బైట్లు వృథా" అని తగ్గించకుండా ఉంటారు.

లోపాల దారులకు వద్దాం. డ్రైవర్ కోడ్‌లో అందరూ చదివేది ఫ్రేమ్ బాగా వచ్చినప్పుడు నడిచే దారి. నేను ఎక్కువ శ్రద్ధగా చదివేది మిగతా దారులు. అందుకునే లూప్‌లో ఇలాంటిది చాలాసార్లు కనిపిస్తుంది: డిస్క్రిప్టర్ స్టేటస్‌లో లోపం ఉందా అని చూస్తారు, ఉంటే లోపాల లెక్క ఒకటి పెంచుతారు, ఇండెక్స్‌ను ముందుకు జరుపుతారు, "కంటిన్యూ" అని రాసి లూప్ పైకి వెళ్లిపోతారు. డిస్క్రిప్టర్‌ను తిరిగి డీఎంఏకు అప్పగించే లైన్ మాత్రం లూప్ అడుగున ఉంటుంది. అంటే చెడ్డ ఫ్రేమ్ పడిన డిస్క్రిప్టర్ ఎన్నటికీ డీఎంఏ చేతికి పోదు. రింగ్‌లో 64 డిస్క్రిప్టర్లు ఉంటే, ఆ చెడ్డ ఫ్రేమ్ తర్వాత మరో 63 ఫ్రేములు చక్కగా వస్తాయి. ఆపై డీఎంఏ చుట్టు తిరిగి అదే డిస్క్రిప్టర్ దగ్గరికి వచ్చి, ఓన్ బిట్ లేదని చూసి, బఫర్ లేదంటూ ఆగిపోతుంది. ఒక్క చెడ్డ ఫ్రేమ్ చాలు. ప్రయోగశాలలో వారాల తరబడి నడిచిన పరికరం, మోటార్ల పక్కన పెట్టిన రోజే మూగబోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

దీనికి చుట్టమే బఫర్ దొరకని సందర్భం. వచ్చిన ఫ్రేమ్‌ను పైకి పంపేసి, ఆ తర్వాత రింగ్‌లో పెట్టడానికి కొత్త బఫర్ అడిగితే, అది దొరకనప్పుడు రింగ్‌లో కన్నం పడుతుంది. సరైన వరుస ఇందుకు తలకిందులు: ముందు కొత్త బఫర్ అడగాలి, దొరక్కపోతే వచ్చిన ఫ్రేమ్‌ను వదిలేసి పాత బఫర్‌నే తిరిగి రింగ్‌లో పెట్టాలి. ఒక ఫ్రేమ్ పోతే పైనున్న ప్రోటోకాల్ చూసుకుంటుంది. డిస్క్రిప్టర్ పోతే చూసుకునేవారు లేరు. పంపే వైపు మూడో ముక్కను డీఎంఏకు మ్యాప్ చేయడం (డీఎంఏ చేరుకోగల చిరునామా ఇవ్వడం) విఫలమైతే మొదటి రెండింటి మ్యాపింగ్‌ను వెనక్కి తీసుకున్నారా అన్నదీ ఇలాంటి ప్రశ్నే.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నేను వేలు పెట్టి చూసేది ఒక్క గుర్తు: స్టేటస్ రిజిస్టర్ మీద "ఆర్ ఈక్వల్స్" (|=). చాలా మ్యాక్‌లలో స్టేటస్ బిట్లు ఒకటి రాస్తే చెరిగిపోయే రకం. అందుకున్న ఇంటరప్ట్ బిట్‌ను చెరపడానికి రిజిస్టర్‌ను చదివి, ఆ బిట్‌ను ఆర్ చేసి తిరిగి రాస్తే, చదివినప్పుడు ఒకటిగా ఉన్న మిగతా బిట్లన్నీ ఒకటిగానే తిరిగి రాయబడతాయి, అంటే అవన్నీ చెరిగిపోతాయి. పంపడం పూర్తయిందన్న సమాచారం అదే సమయానికి వచ్చి ఉంటే, దాన్ని ఎవరూ చూడకుండానే పోతుంది. మిగతా రిజిస్టర్లన్నిటి మీదా ఇదే రాత సరైనది, ఈ ఒక్కదాని మీదే తప్పు కావడంతో కన్ను దాన్ని పట్టుకోదు. తనకు కావలసిన బిట్‌ను మాత్రమే నేరుగా రాయాలి, అదీ డిస్క్రిప్టర్లను చూడటానికి ముందు. చూసిన తర్వాత చెరిపితే, చూడటానికీ చెరపడానికీ మధ్య వచ్చిన ఫ్రేమ్ తాలూకు కబురు పోతుంది.

పంపే క్యూను ఆపే చోట ఉండే పోటీ కూడా ఇలాంటిదే. రింగ్ నిండిందని పంపే ఫంక్షన్ గమనిస్తుంది. క్యూను ఆపే లోపే శుభ్రం చేసే ఫంక్షన్ పరుగెత్తి అన్ని డిస్క్రిప్టర్లనూ ఖాళీ చేస్తుంది, క్యూ ఇంకా ఆగలేదు కాబట్టి లేపాల్సిన పని లేదనుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత క్యూ ఆగుతుంది. ఇక పంపేది ఏమీ లేదు కాబట్టి పూర్తయిందన్న ఇంటరప్టూ రాదు, క్యూను లేపేవారూ ఉండరు. లైనక్స్‌లో అయితే కొన్ని సెకన్లకు నెట్‌డెవ్ వాచ్‌డాగ్ ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్ ఔట్ అయిందని లాగ్‌లో రాస్తుంది. క్యూను ఆపిన తర్వాత ఒక బారియర్ పెట్టి, ఖాళీ ఉందేమో మళ్లీ చూసి, ఉంటే లేపాలి. ఆ రెండోసారి చూడటం కోడ్‌లో లేకపోతే నేను ప్యాచ్‌ను ఆమోదించను.

రివ్యూ చేసేవారు మేలు చేయబోయి కీడు చేసే సందర్భాలు కూడా ఈ డ్రైవర్లలో ఎక్కువే. ఫై చిప్‌లోని (కేబుల్‌తో నేరుగా మాట్లాడే చిప్‌లోని) ఒకటో నంబరు రిజిస్టర్‌లో రెండో బిట్ లింక్ స్టేటస్. ప్రమాణం ప్రకారం లింక్ ఒకసారి పడిపోతే, ఎవరైనా చదివేవరకూ ఆ బిట్ సున్నాలోనే ఉండిపోతుంది. కాబట్టి ఇప్పటి పరిస్థితి తెలియాలంటే రెండుసార్లు చదవాలి: మొదటిది గతాన్ని చెబుతుంది, రెండోది వర్తమానాన్ని. వరుసగా రెండు ఒకేలాంటి లైన్లు చూసి "మొదటి విలువను ఎక్కడా వాడటం లేదు, తీసేయండి" అని రాసే రివ్యూ వ్యాఖ్య ఎంత తెలివైనదిగా కనిపిస్తుందో అంత ప్రమాదకరం. విచిత్రమేమిటంటే దీనికి వ్యతిరేక వాదన కూడా సరైనదే: కొద్ది వ్యవధితో పోల్ చేస్తున్నప్పుడు (మళ్లీ మళ్లీ చూస్తున్నప్పుడు) రెండుసార్లు చదివితే, మధ్యలో క్షణకాలం లింక్ పడి లేచిన సంగతి తెలియకుండా పోతుంది. లైనక్స్‌లో ఫై చిప్‌లను నడిపే ఫైలిబ్ కోడ్ ఈ రెండు సందర్భాలనూ విడదీసి చూస్తుంది. ఏది కావాలో నిర్ణయించి, ఎందుకో కోడ్ పక్కనే రాయమని అడగడమే ఇక్కడ రివ్యూ చేయగలిగిన మంచి పని.

ఫై రిజిస్టర్లను చదివే తీగల జత ఎండీఐఓ దగ్గర ఇంకో సంగతి. ఒక రిజిస్టర్‌ను చదవడానికి ప్రియాంబుల్‌తో (ముందుగా వెళ్లే బిట్ల వరుసతో) కలిపి 64 బిట్లు కదలాలి, 2.5 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద అది 25.6 మైక్రోసెకన్లు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో కూర్చుని ఆ పని పూర్తయ్యేదాకా లూప్‌లో ఎదురుచూస్తే, గిగాబిట్ లింకు మీద ఈలోగా 38 చిన్న ఫ్రేములు వచ్చిపడవచ్చు. ఇక ఆ లూప్‌కు కాలపరిమితే లేకపోతే, ఫై చిప్‌కు క్లాక్ అందని బోర్డు మీద సిస్టమ్ బూట్ కావడమే ఆగిపోవచ్చు. ఫై రీసెట్‌కు ప్రమాణం అర సెకను దాకా గడువిచ్చింది. పది మిల్లీసెకన్లు చూసి "చిప్ చచ్చిపోయింది" అని తేల్చే కోడ్ కూడా అంతే తప్పు.

ఇంతటి సరుకు ఉన్నచోట, రివ్యూల్లో ఎక్కువ భాగం పేర్ల గురించీ ఖాళీల గురించీ సాగడం నాకు అర్థం కాదు. లైనక్స్ నెట్‌వర్కింగ్ కోడ్‌లో ఫంక్షన్ మొదట వేరియబుల్ ప్రకటనలను పొడవైన లైన్ పైన, పొట్టిది కింద వచ్చేలా పేర్చాలనే ఆనవాయితీ ఉంది. ఆనవాయితీని పాటించాల్సిందే, కానీ దాన్ని పట్టుకున్నంత మాత్రాన డ్రైవర్‌ను చదివినట్లు కాదు. కోడ్ శైలిని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ చెప్పగలిగినది చెక్‌ప్యాచ్‌కు, ఎండియన్ (బైట్ల వరుస) పొరపాట్లు స్పార్స్ అనే తనిఖీ ప్రోగ్రామ్‌కు, మ్యాపింగ్ లీకులు కెర్నెల్‌లోని డీఎంఏ డీబగ్ సదుపాయానికి వదిలేస్తే, మనిషి శ్రద్ధ మనిషే చూడగలిగిన చోట నిలుస్తుంది. ఆ శ్రద్ధకు కూడా హద్దు ఉంటుంది. ఒక వరుసలో 15కు మించి ప్యాచ్‌లు పంపవద్దని లైనక్స్ నెట్‌వర్కింగ్ నిర్వాహకులు పెట్టిన నియమం నాకు చాలా సబబుగా తోస్తుంది. రెండు వేల లైన్ల డ్రైవర్‌ను ఒకే ప్యాచ్‌గా పంపి "చూసి చెప్పండి" అంటే, చూసినవారు చెప్పేది ఖాళీల గురించే అవుతుంది.

"ఈ చిప్ నాకు తెలియదు, నేనేం రివ్యూ చేస్తాను" అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మాన్యువల్ తెరవకుండా ఈ రివ్యూ చేయడం సాధ్యం కాదు. దానితో పాటు ఎర్రాటా (చిప్‌లో తెలిసిన తప్పుల జాబితా) కూడా తెరవాలి, ఎందుకంటే మాన్యువల్ చిప్ ఎలా ఉండాలో చెబుతుంది, ఎర్రాటా ఎలా ఉందో చెబుతుంది. అయితే చిప్ తెలియనివారికి ఒక వెసులుబాటు ఉంది: వారు ఏదీ ఊహించుకోరు. ఈ బిట్ చెరిపే పద్ధతి మాన్యువల్‌లో ఏ విభాగంలో ఉంది అని అడగడానికి నిపుణుడు మొహమాటపడతాడు, తెలియనివాడు పడడు. చిప్‌తో పాటు వచ్చిన నమూనా కోడ్ నుంచి తీసుకున్నామన్న సమాధానం నాకు సరిపోదు. ఆ కోడ్‌ను రాసింది చిప్ పనిచేస్తుందని చూపించడానికి. సంవత్సరాల తరబడి ఆగకుండా నడవాల్సిన పరికరం అవసరాలు వేరు, లోపాల దారులు ఆ నమూనాల్లో తరచుగా ఖాళీగానే ఉంటాయి.

డ్రైవర్లన్నిటికీ ఒకే తప్పు అంటుకోగలదని చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్ కనీసం 64 బైట్లు ఉండాలి. చివరి నాలుగు బైట్ల చెక్‌సమ్ తీసేస్తే 60. అంతకంటే చిన్న ప్యాకెట్ వస్తే మిగతా చోటును సున్నాలతో నింపాలి. ఎన్నో డ్రైవర్లు నింపకుండా, పొడవును మాత్రం 60కి పెంచి పంపేవి. దాంతో బఫర్ తర్వాత మెమరీలో ఏముంటే అది, పాత ప్యాకెట్ల ముక్కలతో సహా, తీగ మీదికి వెళ్లేది. 2003లో ఇది భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2003-0001గా నమోదయింది, ఈథర్‌లీక్ అని పేరుపడింది. నెట్‌వర్క్ పనితీరులో ఏ లోపమూ కనిపించదు కాబట్టి ఏ పింగూ దీన్ని పట్టుకోలేదు. పొడవును పెంచే లైన్ దగ్గర ఆగి, "పెరిగిన ఈ బైట్లు ఎవరివి?" అని అడిగి ఉంటే చాలు.

చివరగా, దాదాపు ఎవరూ చదవని ఫంక్షన్, ఇంటర్‌ఫేస్‌ను మూసేది. అందులో వరుస ఇలా ఉండాలి: పైనుంచి కొత్త ప్యాకెట్లు రాకుండా క్యూను ఆపడం, ఇంటరప్టులను ఆపడం, అప్పటికే నడుస్తున్న హ్యాండ్లర్లూ టైమర్లూ ముగిసేదాకా ఆగడం, డీఎంఏను ఆపడం, అది నిజంగా ఆగిందని స్టేటస్‌లో చూడటం, ఆ తర్వాతే బఫర్లను వదిలేయడం. ఎక్కువ డ్రైవర్లలో తప్పిపోయేది చివరి నుంచి రెండోది. ఆపమని బిట్ రాశారు కాబట్టి ఆగిపోయిందనుకుంటారు, కానీ డీఎంఏ అప్పటికే చేతిలో ఉన్న ఫ్రేమ్‌ను పూర్తిచేసి గానీ ఆగదు. అప్పటికే వదిలేసిన బఫర్‌ను వేరొక మాడ్యూల్ తీసుకుని ఉంటే, ఆ ఫ్రేమ్ నేరుగా దాని డేటా మీద పడుతుంది. క్రాష్ అయ్యేది ఆ మాడ్యూల్, స్టాక్ ట్రేస్‌లో ఉండేది ఆ మాడ్యూల్ పేరు, రాత్రంతా కూర్చుని వెతికేది దాన్ని రాసినవారు. నెట్‌వర్క్ డ్రైవర్ పేరు ఆ లాగ్‌లో ఎక్కడా ఉండదు. అందుకే నేను ఈ డ్రైవర్లను చదవడం మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఫైలు చివర ఉన్న ఈ ఫంక్షన్‌కే వెళ్తాను.